అవ్వ ఆదివారం సంతకాలు

మా అవ్వ సంతకం పెట్టేటప్పుడు పక్కన ఎవరూ మాట్లాడకూడదు. ముందు కళ్లజోడు తుడుచుకుంటుంది. పెన్ను మూత తీసి వెనక తగిలించి, ఎడమ అరచేతి మీద ఒక గీత గీసి చూసుకుంటుంది. అప్పుడు గాని కాగితం మీదికి రాదు. రెబెకమ్మ అని పూర్తి పేరు, గుండ్రంగా, మిషను బోర్డింగు స్కూల్లో నేర్పినట్టే రాసి, కింద ఒక గీత లాగి, గీత కింద రెండు చుక్కలు పెడుతుంది.

"ఆ చుక్కలెందుకవ్వా?" అని చిన్నప్పుడు అడిగాను.

"ఒకటి దేవునికి, ఒకటి మనుషులకి."

"మరి నాకు?"

"నీకు చెంపదెబ్బ."

ఎనిమిదో తరగతి దాకా చదివింది. అరవై ఏళ్ల కిందట మా పేటలో అంత చదివిన ఆడమనిషి ఇంకొకరు లేరు. పింఛను కాగితమైనా, రేషను కార్డైనా, కోర్టు నోటీసైనా మా ఇంటి అరుగు మీదికే వచ్చేది. పెళ్లయిన తర్వాత గుళ్లో బైబిలు స్త్రీగా కుదిరి నలభై ఏళ్లు ఇల్లిల్లూ తిరిగి ప్రార్థనలు చేసింది. "రెబెకమ్మ సంతకం పెట్టిందంటే అది జరిగినట్టే" అని పేటలో ఒక మాట ఉండేది. ఆ మాట విన్నప్పుడల్లా అవ్వ తల దించుకునేది గానీ, దించిన తలలో నవ్వు నాకు కనపడేది. నేను పదో తరగతి లెక్కల్లో రెండుసార్లు తప్పిన దాన్ని. మూడోసారి పరీక్ష ఫీజుతో పాత కుట్టుమిషను కొంటే అవ్వ వారం రోజులు నాతో మాట్లాడలేదు.

మా పేట ఉదయగిరి కొండకు తూర్పున, నల్లదొన ఊరికి కిలోమీటరున్నర అవతల ఉంది. ఊళ్లో పెద్ద వాటర్ ట్యాంకు ఉంది. అక్కడి నుంచి మా పేటకు పైపు లేదు. మాకున్నది ఒక్క బోరు. ఆ నీళ్లు తాగితే పళ్లకు గార పడుతుంది, నలభై దాటితే మోకాళ్లు వంకరపోతాయి, ఆ తర్వాత కిడ్నీల వంతు. మా తాత వెంగయ్యకు మూడూ అయ్యాయి. విచిత్రమేమిటంటే తాత బావులు తవ్వేవాడు. ఈ చుట్టుపక్కల నలభై మూడు బావులు తవ్వాడు. ఒక్కదాంట్లోనూ ఇప్పుడు నీళ్లు లేవు.

"నలభై మూడు గుంతలు తవ్వినావు గానీ గుక్కెడు నీళ్లు మిగల్చలేదు" అని అవ్వ దెప్పితే, తాత ఏమీ ఉడుక్కునేవాడు కాదు.

"గుంతలేనే రెబెకా. ఇంకొక్కటి బాకీ ఉండాది. అది మాత్రం నేను తవ్వను, నాకు వేరేవాళ్లు తవ్వాల."

ఆత్మకూరు డాక్టరు తాతకు ఒకటే చెప్పాడు. బోరు నీళ్లు ముట్టొద్దు, మంచి నీళ్లే తాగాలి. మంచి నీళ్లంటే మాకు ట్యాంకరే.

ట్యాంకరుకు డబ్బు గవర్నమెంటు ఇస్తుంది. ఒక్కో ట్రిప్పుకు ఒక్కో చీటీ. నీళ్లు వచ్చాయని ఆ పేట మనిషి ఒకరు చీటీ మీద సంతకం పెడితేనే కాంట్రాక్టరు సురేంద్రబాబుకు బిల్లు అవుతుంది. మా పేటకు సంతకం ఎవరిదని పంచాయతీలో అడిగితే అందరూ ఒకే పేరు చెప్పారు. ఆ రోజు అవ్వ కొత్త పెన్ను కొనుక్కుంది.

ఇక్కడే ఆదివారం సంగతి చెప్పాలి. అవ్వకు ఆదివారమంటే ఆదివారమే. పొయ్యి వెలిగించదు, సూది ముట్టదు, పైసా ఖర్చుపెట్టదు, పెన్ను పట్టదు. వాళ్లమ్మ నేర్పిన పద్ధతి. శనివారం సాయంత్రమే పులుసు కాచి పెడుతుంది. తాత ఆదివారం మధ్యాహ్నం ఆ పులుసు ముందర కూర్చుని, "దేవుడు ఏడో రోజు విశ్రాంతి తీసుకున్నాడంటే ఆరో రోజు పులుసు తిన్నాడనా దానర్థం?" అనేవాడు. నేను మాత్రం ఆదివారం తలుపు వేసుకుని మిషను తొక్కేదాన్ని.

ట్యాంకరు డ్రైవరు దస్తగిరికి మొదటి వారమే చిక్కొచ్చింది. ఆదివారం నాలుగు ట్రిప్పులు తెచ్చాడు. సంతకం అడిగితే అవ్వ చేతులు వెనక్కి పెట్టుకుంది.

"రేపు రా నాయనా."

"రేపటి తేదీ వేస్తే బిల్లు కాదవ్వా. ఈ రోజు తేదీనే ఉండాల."

ఇద్దరూ ఆలోచించి ఒక దారి కనిపెట్టారు. ఆదివారం చీటీలు నాలుగూ శనివారం సాయంత్రమే తెస్తాడు. మరుసటి రోజు తేదీ వేసి ఉంటుంది. అవ్వ కళ్లజోడు తుడుచుకుని ముందుగానే సంతకాలు పెట్టేస్తుంది. దేవుని రోజు దేవునికి, బిల్లు బిల్లుకు. అవ్వ ఆ ఏర్పాటుకు ఎంత మురిసిపోయిందంటే పాస్టరు గారికి కూడా చెప్పుకుంది.

కొన్నాళ్లు ఆదివారం ట్యాంకరు వచ్చింది. తర్వాత రెండు ట్రిప్పులయ్యాయి. తర్వాత రాలేదు. చీటీలు మాత్రం శనివారం సాయంత్రం నాలుగూ వచ్చేవి. ఒకసారి అవ్వ అడిగింది. "ఆదివారం నీళ్లు సోమవారం కలిపి తెస్తా ఉండాము గదవ్వా" అన్నాడు దస్తగిరి. సోమవారం ట్యాంకరు వచ్చేది గనుక అవ్వ లెక్కపెట్టలేదు. నిజం చెప్పాలంటే ఆమెకు సంతోషంగా ఉండేది. ఆరాధన వేళకు బిందెల కొట్లాట లేదు, కేకలు లేవు, పేటంతా నిశ్శబ్దం. అందుకు దేవునికి వందనాలు కూడా చెప్పింది, మోకాళ్ల మీద, అందరి ముందర. నేను పక్కనే ఉన్నాను. ఆమెన్ అన్నాను కూడా.

అలా రెండేళ్ల ఎనిమిది నెలలు జరిగింది.

ఈలోగా పేపరు నిండా రాష్ట్రం ఖజానా ఖాళీ అనే. మా పేటకు పైపు కావాలని పంపిన అర్జీ నిధులు లేవని మూడుసార్లు తిరిగొచ్చింది. మూడు అర్జీలూ అవ్వ రాసినవే.

వేసవి మొదట్లో ఒక ఆదివారం, పాస్టరు గారి ప్రసంగం మధ్యలో దాహమనే సాకుతో నేను బయటికి వచ్చాను. పేట మొదట్లో మేము ఖాళీ డ్రమ్ములు వరసగా పెట్టుకుంటాం. వాటిలో ఒకటి బోర్లించుకుని దాని మీద ఒకామె కూర్చుని ఉంది. నలభై ఐదేళ్లుంటాయి. నూలు చీర, కాళ్లకు బూట్లు. కాస్త దూరంలో జీపు ఉంది.

"ట్యాంకరు ఎప్పుడొస్తుంది పాపా?" అని అడిగింది.

"ఈ రోజు రాదు మేడం. ఆదివారం గదా."

"ఆదివారం ఎప్పుడూ రాదా?"

నా నోరు ఊరుకోదు. "దస్తగిరన్నకు శుక్రవారం సెలవు లేదు గానీ ఆదివారం మాత్రం ఉండాది మేడం. మా అవ్వ దెబ్బకు మాలో కలిసినట్టుండాడు" అన్నాను.

ఆమె నవ్వలేదు. సంచిలోంచి నాలుగు చీటీలు తీసి చూపించింది. "ఈ సంతకం ఎవరిదో తెలుసా?"

"ఎందుకు తెలియదు, మా అవ్వదే. చుక్కలు చూడండి. ఈ జిల్లాలోనే అట్టా ఎవరూ పెట్టలేరు."

గొప్పలు పోయాను. అవ్వను పట్టించింది నేనే. ఆ సంగతి అవ్వ ఇప్పటికీ ఎత్తదు. అందుకే ఎక్కువ గుచ్చుకుంటుంది.

ఆమె ఉషారాణి. నీళ్ల పనులు చూడటానికి ఆత్మకూరుకు కొత్తగా వచ్చిన స్పెషలాఫీసరు. చూడకుండా ఏ బిల్లూ పాసు చేయొద్దని పైనుంచి ఉత్తరువు వచ్చిందట. అలాంటి ఉత్తరువులు అంతకుముందు కూడా వచ్చే ఉంటాయి. ఎండలో డ్రమ్ము మీద కూర్చుని ట్యాంకరు కోసం ఎదురుచూసిన ఆఫీసరు మాత్రం ఈమే మొదలు. ఆరాధన అయ్యేదాకా, పన్నెండున్నర దాకా, అక్కడే కూర్చుంది.

అవ్వ తెల్లచీరలో, బైబిలు చంకలో పెట్టుకుని బయటికొచ్చింది. ఆఫీసరమ్మ చీటీలు చాపింది. అవ్వ చేతులు వెనక్కి పెట్టుకుంది.

"ఆదివారం కాగితాలు ముట్టను మేడం."

"ముట్టొద్దులెండి. చూడండి చాలు. పోయిన ఆదివారం తేదీలు. నాలుగు ట్రిప్పులు. మీ సంతకమేనా?"

అవ్వ వంగి చూసింది. చాలాసేపు చూసింది. "నాదే."

"నీళ్లు వచ్చాయా?"

పేట ఆడవాళ్లందరూ చుట్టూ నిలబడి ఉన్నారు.

"రాలేదు."

"ఇదే మాట రేపు ఆత్మకూరు ఆఫీసుకు వచ్చి చెప్పగలరా?"

"చెప్పినాను గదమ్మా."

"ఇక్కడ చెప్పింది మాట రెబెకమ్మ గారూ. అక్కడ చెబితే కాగితం అవుతుంది."

సాయంత్రం ఐదింటికల్లా దస్తగిరి మోటారుసైకిలు మీద వచ్చాడు. తాత కూర్చున్న మంచం కోడు పట్టుకుని, తను నేల మీద కూర్చున్నాడు. అవ్వ ముఖం చూడటానికి ధైర్యం చాలక తాతతో మాట్లాడినట్టు మాట్లాడాడు.

"సురేంద్రబాబు చెప్పి పంపినాడు. ఆ పూట నేను గుళ్లో ఉన్నాను, బయటేం జరిగిందో చూళ్లేదు అని అవ్వ అంటే చాలంట. అబద్ధం కూడా కాదు గద తాతా. గుళ్లోనే గదా ఉండేది."

"చెప్పకపోతే?" అంది అవ్వ.

"రేపటి నుంచి ట్యాంకరు ఆపేస్తాడంట. చీటీల మీద ఉండేది నీ సంతకం, ఆయనది కాదు. పోలీసోళ్లు ముందు నీ ఇంటికే వస్తారంట." దస్తగిరి గొంతు తగ్గించాడు. "అవ్వా, ఇద్దరు ఆడపిల్లలు ఉండారు నాకు. ఆయన చీటీలు ఇచ్చి పంపేవాడు, నేను తెచ్చేవాణ్ణి. అంతే."

"తెచ్చేవాడివి. నేను పెట్టేదాన్ని. అంతే" అంది అవ్వ.

వాడు వెళ్లాక మా అమ్మ నీళ్ల డ్రమ్ము మూత తీసి చూసి మళ్లీ మూసింది. అది దేనికో అందరికీ తెలుసు. ట్యాంకరు ఆగితే ముందు ఆగేది తాత.

"ఏందయ్యా, ఏం చెప్పమంటావు?" అని అవ్వ అడిగింది. తాతను ఆమె ఏదైనా అడగడం నేను చూసింది ఆ ఒక్కసారే. మామూలుగా చెప్పడమే.

తాత గోడకు ఆనుకున్నాడు. "నా కిడ్నీల కోసం నువ్వు అబద్ధమాడితే, ఆ పాపాన్ని కూడా అవే వడగట్టాల. వాటి వల్ల కాదులేవే. పోయి ఉండేది చెప్పేసిరా."

మరుసటి రోజు మా నాయన హెన్రీ తన ఆటోలో ఉదయగిరి దాకా దింపాడు. అక్కడి నుంచి అవ్వా నేనూ బస్సెక్కాం. దారి పొడవునా అవ్వ పెన్ను జాకెట్లో పెట్టుకోవడం, తీసి సంచిలో వేసుకోవడం. నేను ఒక్క జోకు కూడా వేయలేదు. వేద్దామనుకున్నాను, రాలేదు.

ఆఫీసు వరండాలో సురేంద్రబాబు తెల్లచొక్కాలో ఫోను చూసుకుంటూ కూర్చుని ఉన్నాడు. అవ్వను చూసి లేచి నమస్కారం పెట్టాడు. "ఆరోగ్యం ఎట్టుండాదమ్మా పెద్దాయనకి?" అన్నాడు. అతను లోపలికి రాబోతే ఉషారాణి మేడం కుర్చీలోంచి లేవకుండానే, "మీ వంతు వచ్చినప్పుడు పిలుస్తాను" అని తలుపు వేయించింది. ఎవరో పెద్దవాళ్ల ఫోను అని బంట్రోతు తెచ్చిస్తే, "వాంగ్మూలం అయ్యాక నేనే చేస్తానని చెప్పు" అంది.

అవ్వ అంతా చెప్పింది. శనివారాలు, తేదీలు, దస్తగిరి, తను మురిసిపోయిన సంగతి. గుమాస్తా కంప్యూటర్లో కొట్టి చదివి వినిపించాడు. చదువు సరిగా రానందువల్ల, చీటీల మీద ఏముందో తెలియక, డ్రైవరు మాట నమ్మి సంతకాలు చేసింది అని రాశాడు. అందరికీ అలాగే రాస్తాడట. మేలు చేసే ఉద్దేశమే.

అవ్వ కళ్లజోడు తీసింది.

"అది కొట్టేయండి. నేను ఎనిమిది చదివినాను."

మేడం ముందుకు వంగింది. "అమ్మా, అలా ఉంటేనే మీకు మంచిది. మీ మీదకు ఏమీ రాదు. నాకు కావలసింది వాళ్లు."

"చదువు రానిదాని చేతికా మా పేటోళ్లు అన్నేళ్లు కాగితాలిచ్చింది? నాకు చదువొచ్చు. చదివే పెట్టినాను. రేపటి తేదీ అని చూసే పెట్టినాను. నీళ్లు రాలేదని తెలిసి కూడా, మళ్లా శనివారం పెట్టినాను. అదే రాయండి."

గుమాస్తా మేడం వైపు చూశాడు. "ఆమె చెప్పినట్టే రాయండి" అంది మేడం.

అది ప్రింటు అయ్యేలోపు అవ్వ, "మొత్తం ఎన్ని మేడం?" అని అడిగింది.

మేడం చెప్పడానికి ఇష్టపడలేదు. అవ్వ మళ్లీ అడిగింది. నూట ముప్పై ఎనిమిది ఆదివారాలు, ఐదువందల యాభై రెండు చీటీలు. మూడు లక్షల ఎనభై ఆరువేల చిల్లర.

"మా పేటకు పైపు వేయాలంటే ఎంతవతాది? నేను మూడు అర్జీలు పెట్టినాను."

మేడం ఫైలు తిప్పింది. "మూడు లక్షల డెబ్బై వేలు."

అప్పుడు మేడం నెమ్మదిగా చెప్పింది. ఇది ఒక్క మీ పేట సంగతి కాదమ్మా. ఈ చుట్టూ ముప్పై ఒక్క పేటల్లో ట్యాంకరు బిల్లు నెలనెలా అత్యవసరమని పాసవుతోంది, పైపు ఫైలు నిధుల్లేవని వెనక్కి పోతోంది. డబ్బు లేక కాదు. ఉన్న డబ్బు ఎటు పోతోందో ఎవరూ ఎండలోకి వచ్చి చూడలేదు, అంతే. రేపటి నుంచి చూడని ట్రిప్పుకు పైసా ఇవ్వను. ఆ మిగిలే డబ్బుతోనే పైపులు వేయిస్తాను. మీకు రేపే వేరే ట్యాంకరు పంపిస్తాను.

అవ్వ సంతకం పెట్టింది. గీత, రెండు చుక్కలు.

బస్సులో మర్రిపాడు దాటాక ఒకే ఒక్క మాట అంది. "షైనీ, నేను పెట్టకుండా ఉంటే పైపు ఎప్పుడో వచ్చేది."

రేపే అన్న ట్యాంకరు మరుసటి రోజు రాలేదు. కాంట్రాక్టర్లందరూ ఒకటయ్యారు. ఎవరూ బండి తీయలేదు. నాలుగో రోజు మేడం తనే వచ్చింది. పేట ఆడవాళ్లు జీపు చుట్టూ మూగారు. నోటికొచ్చినట్టు తిట్టారు. ఒకామె ఖాళీ బిందె తెచ్చి జీపు బానెట్టు మీద టంగుమని పెట్టింది.

"రేపే పంపిస్తానన్నాను, పంపలేకపోయాను. తప్పు నాది" అంది మేడం. "బండ్లు లేవంటున్నారు. దొరికిందాకా తిరుగుతాను. కానీ ఆ బిల్లులు మాత్రం పాసు చేయను." ఆ బిందెను తనే ఎత్తి జీపులో పెట్టుకుంది.

తొమ్మిదో రోజున జిల్లా అవతలి నుంచి తెప్పించిన ట్యాంకరు వచ్చింది. డ్రైవరు పక్క సీట్లో ఆ బిందె, నిండుగా ఉంది.

ఆ తొమ్మిది రోజులూ ఉదయగిరి నుంచి మా నాయన రోజుకొక క్యాను నీళ్లు ఆటోలో తెచ్చేవాడు. అంతకుమించి మా వల్ల కాలేదు. క్యాను నీళ్లు తాత కడవకు, బోరు నీళ్లు మా కడవకు. అదీ అవ్వ పెట్టిన కట్టుబాటు. తాత ఎప్పటిలాగే పెరట్లో కూర్చుని దగ్గుతూ ఉంటే అంతా సరిగ్గానే ఉందనుకున్నాం. ట్యాంకరు వచ్చిన రోజు కడవ కడుగుతూ మా అమ్మ కనిపెట్టింది. బోరు కడవ లోపల గార కట్టలేదు. తాత కడవ లోపల తెల్లగా గార కట్టింది. మేము పనుల్లో ఉన్నప్పుడు తాత రెంటినీ మార్చి పోసేవాడు. తొమ్మిది రోజులూ మంచి నీళ్లు తాగింది మేము.

అవ్వ కడవ తీసుకొచ్చి తాత ముందర పెట్టింది. తాతే అన్నాడు.

"ఏందే అట్టా చూస్తావు? అరవై ఏళ్లు తాగిన నీళ్లే గదా. ఈ పిల్లదాని పళ్లు ఇంకా తెల్లగా ఉండాయి. నవ్వుతా తిరిగే మొహం. గార పడితే దీన్నెవరు చూస్తారు?"

నేను నవ్వాను, పళ్లు కనపడేట్టు. ఆయన కోసమే. తర్వాత గొడ్లపాకలోకి పోయి ఏడ్చాను.

పది రోజులకు తాత కాళ్లు వాచాయి. ఆత్మకూరు ఆసుపత్రి, అక్కడి నుంచి నెల్లూరు. యాభై రెండో రోజున చనిపోయాడు. నలభై నాలుగో గుంత మా పేట కుర్రవాళ్లు తవ్వారు. రాతి నేల. గడ్డపార దిగక వాళ్లు ఆపసోపాలు పడుతుంటే, తాతే ఉంటే గట్టున కూర్చుని ఎంత వెక్కిరించేవాడో అనుకున్నాను.

"ఇది తొమ్మిది రోజుల జబ్బు కాదమ్మా, ముప్పై ఏళ్లది" అని డాక్టరు అవ్వకు చెప్పాడు.

"ఆ ముప్పై ఏళ్లలో ఈ తొమ్మిది రోజులు కూడా ఉండాయి గదా బాబూ" అంది అవ్వ. "నూట ముప్పై ఎనిమిది ఆదివారాలు కూడా ఉండాయి." డాక్టరుకు ఆ రెండో మాట అర్థం కాలేదు.

సమాధి అయిన వారానికి మేడం వచ్చింది. అరుగు మీద కూర్చుంది, ఓదార్పు మాటలేమీ చెప్పలేదు. పైపు టెండరు అయిందని, సురేంద్రబాబు కాంట్రాక్టు రద్దయిందని, కేసు నడుస్తోందని చెప్పింది. దస్తగిరి సాక్షిగా మారాడట, ఇప్పుడు వింజమూరులో ఇసుక లారీ తోలుతున్నాడట. అవ్వ అంతా విని, "రిపోర్టులో నా పేరు రాసినారా?" అని అడిగింది.

"రాశాను."

"ఎన్నోది?"

"నాలుగోది."

"సరే" అంది అవ్వ. మేడంకు మజ్జిగ ఇమ్మని నాకు సైగ చేసింది.

ఆ పేరు రాయించుకున్నందుకు అవ్వ మీద కేసు కాలేదు. పంచాయతీ నుంచి ఒక హెచ్చరిక ఉత్తరం వచ్చింది, సంతకం పెట్టే పని తీసేశారు. ఉత్తరం అందినట్టు సంతకం పెట్టమని మనిషి వస్తే, దానికీ కళ్లజోడు తుడుచుకునే పెట్టింది. గుళ్లో ఎవరూ ఏమీ అనలేదు. ఆమే పోయి బైబిలు స్త్రీ పని వద్దని పాస్టరు గారికి చెప్పి వచ్చింది. ఆయన వారించాడు, గట్టిగా కాదు. పింఛను కాగితాలు మా అరుగు మీదికి రావడం మెల్లగా తగ్గింది. జనం గ్రామ సచివాలయానికే పోతున్నారు. "అక్కడ కంప్యూటరు ఉండాది గదవ్వా" అంటారు దారిలో కనపడితే, ఆమె అడక్కపోయినా.

పైపు ఏడు నెలలకు వచ్చింది. ముప్పై ఒక్క పేటల్లో పంతొమ్మిదింటికి ఆ ఏడే వచ్చింది, మిగతావాటికి పని జరుగుతోంది. ట్యాంకరు ఖర్చు నాలుగో వంతుకు పడిపోయిందని, పైసా అప్పు తేకుండానే పైపులు పడ్డాయని పేపర్లో రాశారు. మేడం ఫోటో వేయలేదు. ఆమె ఒప్పుకుని ఉండదు. మళ్లీ ఏ పేటలోనో డ్రమ్ము మీద కూర్చుని ఉంటుంది.

కుళాయి దగ్గర కూడా ఒక పుస్తకం పెట్టారు. నీళ్లు ఏ రోజు, ఎన్నింటికి, ఎంతసేపు వచ్చాయో రాసి పేట మనిషి సంతకం చేయాలి. ఎవరని అడిగితే జనం గొణుక్కుని, చివరికి నా పేరు చెప్పారు. లెక్కల్లో రెండుసార్లు తప్పినదాన్ని. మొదటి రోజు నా సంతకం చూసి అవ్వ, "కోడి కెలికినట్టుండాది" అంది. ఇన్ని నెలల తర్వాత ఆమె నన్ను తిట్టింది అదే మొదటిసారి. నాకు ప్రాణం లేచొచ్చింది.

తర్వాత వచ్చిన ఆదివారం నీళ్ల వంతు తొమ్మిదిన్నరకు పడింది, ఆరాధన మొదలయ్యే వేళకే. గుడి గంట కొట్టారు. ఆడవాళ్లు బిందెలు వరసలో పెట్టి లోపలికి పోయారు, చూసుకోమని నాకు చెప్పి. అవ్వ తెల్లచీర కట్టుకుని, బైబిలు పట్టుకుని వచ్చి, గుడి వైపు తిరక్కుండా కుళాయి దగ్గర నిలబడింది. అరవై ఏళ్లలో ఆమె గంటకు ఆలస్యం కాలేదు.

ముందు గాలి బుసకొట్టింది. నేను పుస్తకం తెరిచి పెన్ను తీశాను.

"ఆగు."

"వస్తా ఉండాయి గదవ్వా, శబ్దం వింటా ఉండావు గదా."

"శబ్దం నీళ్లు కాదు. ఆగు."

నీళ్లు వచ్చాయి. మొదటి బిందె నిండింది, రెండోది, ఐదోది. ఎండ నెత్తికెక్కుతోంది. లోపల పాట మొదలైంది. నేను ఊరుకోలేక, "ఆదివారం పెన్ను పట్టుకుంటే పాపం గదా. నాకు పరవాలేదా?" అన్నాను.

"నీకు పాపాలు కొత్తా? ఆదివారం తలుపేసుకుని మిషను తొక్కేది నాకు వినపడదనుకుంటా ఉండావా?"

చివరి బిందె నిండి, ధార సన్నబడి, కుళాయి ఆగిపోయింది. అవ్వ బిందెలు వేలు పెట్టి లెక్కపెట్టింది. ఇరవై ఆరు. మళ్లీ ఒకసారి లెక్కపెట్టింది.

"ఇప్పుడు పెట్టు."

పెట్టాను. ఆమె వంగి తేదీ చూసింది. తర్వాత బైబిలు చంకలో సర్దుకుని గుళ్లోకి నడిచింది. ముందు వరసలో ఆమె ఎప్పుడూ కూర్చునే చోటు ఖాళీగానే ఉంచారు. అక్కడిదాకా పోలేదు. గుమ్మం దగ్గర, చెప్పుల పక్కన కూర్చుంది.